బంతాటకు చాటింపు

1978 సెప్టెంబరు 28, గురువారం, సాయంత్రం అయిదుంపావు. తిరుపతిలో మా కళాశాల హాస్టలు గేటు ముందు డప్పు మోగింది. స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుకుంటున్న నేను కలానికి మూత పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అది గంగమ్మ జాతర చాటింపు దరువు. ఎండాకాలంలో వినవలసిన దరువు సెప్టెంబరులో వినిపించడం నాకు అంతకు ముందు అనుభవంలో లేదు. గేటు దగ్గర చాటింపు వేసే పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని, ఖాకీ నిక్కరు, తెల్ల బూట్లు, తలకు చుట్టిన ఎర్ర తువ్వాలుతో మా ఫిజికల్ డైరెక్టరు. డప్పు ఆగింది. పెద్దాయన నోటి పక్కన అరచెయ్యి ఆనించుకుని గొంతెత్తాడు.

“వినండహో. ఆదివారం నాలుగ్గంటలకు కాలేజీ మైదానంలో బంతాట. ఆట అయిపోయిందాకా ఎవురూ పొలిమేర దాటగూడదహో.”

ఆ ఫిజికల్ డైరెక్టరు పోయిన నెలలో కోలారు బంగారు గనుల ఊళ్ళో, తమ్ముడి ఇంట్లో, కన్నుమూశారని కబురు తెలిసింది. కబురు తెలిసిన సాయంత్రం నాకు మొదట జ్ఞాపకం వచ్చింది ఆయన ముఖం కాదు, ఆటకు పెట్టిన వీపు. దానికి కారణముంది. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. పదిహేనేళ్ళలో ఏ విద్యార్థీ ఆయనను పేరుతో పిలవగా నేను వినలేదు. అందరికీ ఆయన పీడీ సారు. ఆయన కూడా మమ్మల్ని పేర్లతో పిలిచినవారు కారు. ఎవరు ఏ పాఠం చెబితే వారికి అదే పేరు. కెమిస్ట్రీ, హిస్టరీ, తెలుగు. నేను ఎకనామిక్స్.

“ఏమప్పా ఎకనామిక్స్, ఇంటికి పోతాండావా? మూడేండ్లుగా సూస్తాండా, నీకు ఇంటికి పోవడం తప్ప ఇంగో పని తెలీదు” అని ఒక సాయంత్రం మైదానం అంచున నన్ను ఆపారు. అలా ఆపిన పాపానికే నేను క్రీడల సంఘానికి కార్యదర్శినయ్యాను. నాకు ఆట రాదని చెప్పాను. “ఆట ఎవురికి కావల్ల? లెక్కపెట్టడం వస్తాది కదా. వచ్చినోళ్ళను లెక్కపెట్టు” అన్నారు.

ఆయన ఆట చూసేవారు కారు. మైదానానికి పడమటి వైపు పొడుగునా మట్టి గట్టు ఉండేది. దాన్ని మూడు మెట్లుగా చదును చేయించింది ఆయనే. ఆట మొదలు కాగానే మడత కుర్చీ ఒకటి తెచ్చి, గీతకు రెండడుగుల ఇవతల, ఆటకు వీపు పెట్టి, గట్టుకు ఎదురుగా వేసుకుని కూర్చునేవారు. తొంభై నిమిషాలూ అంతే. బంతి ఎక్కడున్నదీ, ఎవరి కాలి దగ్గరున్నదీ ఆయన గట్టు మీది ముఖాలలో చదువుకునేవారు. మొదటిసారి పక్కన కూర్చున్నప్పుడు నాకు పాఠం చెప్పారు.

“మొగాలు కాదప్పా, మోకాళ్ళు సూడు. లేస్తాండాయి. మనోడు బంతి తీసుకోని పోతాండాడు. అదో, మళ్ళా కూలబడినాయి. పోగొట్టినాడు, దద్దమ్మ.”

వెనక్కి తిరిగి చూశాను. నిజంగానే బంతి పోయింది.

ఆట మధ్య విరామంలో ఆటగాళ్ళకు నిమ్మకాయ ముక్కలు పంచడం అన్ని కళాశాలలలోనూ ఉన్నదే. మా దగ్గర చూసేవాళ్ళకు ఉడకబెట్టిన శెనక్కాయలు పంచేవారు. “ఆడేవానికి పేరొస్తాది. సూసేవానికి ఏమొస్తాది? శెనక్కాయలన్నా రావల్ల” అనేవారు. ఎవరైనా చప్పట్లు కొట్టక గమ్మున కూర్చుంటే లేచి వెళ్ళి, “ఏం తంబీ, ఒళ్ళు బాగలేదా?” అని నిజమైన ఆదుర్దాతో నుదురు తాకి చూసేవారు. ఆ పిల్లవాడు సిగ్గుపడి, తరువాతి పావుగంట గొంతు చించుకునేవాడు.

ఈ పిచ్చికి మూలం ఆయన పుట్టి పెరిగిన గనులలో ఉంది. అక్కడ సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోయి స్నానం చెయ్యకుండా, దుమ్ము మొహాలతోనే మైదానానికి వచ్చేవారట. మొదటిసారి ఆడడానికి దిగినప్పుడు గట్టంతా నల్లగా కనిపించిందనీ, ఒక మంచి దెబ్బ కొట్టగానే ఆ నలుపులో వందల పండ్లు తెల్లగా మెరిశాయనీ చెప్పేవారు. “ఆ పండ్లు సూసినాక ఇంగ నాకు బంతి కనపడలేదప్పా. సూసేవాడు లేని ఆట ఆట కాదు, కసరత్తు.”

మామూలు రోజులలో ఆయనకు లోటు లేదు. పండగ సెలవు వచ్చిందంటే మాత్రం పీలేరు, పుత్తూరు, పలమనేరు, మదనపల్లె బస్సులు మా విద్యార్థులను ఊడ్చుకుపోయేవి. దూరపు కళాశాలల జట్లకు తీరిక దొరికేదీ ఆ సెలవులలోనే కనుక, పెద్ద ఆటలన్నీ అప్పుడే పడేవి. ఆయన చేయని ప్రయత్నం లేదు. 1977 దసరాకు, ఆటకు వచ్చిన వారికి హాజరు వేస్తామని ప్రకటించారు. వచ్చారు. పలికారు. గోడ దూకి పోయారు. ఒక్క కుర్రవాడు మాత్రం వెనుక వరుసలో నిలబడి తొమ్మిది మందికి తొమ్మిది గొంతులతో పలికాడు. నేను కోప్పడబోతే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. “తిట్టొద్దప్పా. ఒక్కడే అయినా తొమ్మిది గొంతులుండాయి. వాన్ని ముందు వరుసలో కూసోబెడదాం.”

ఆ ఏడు దీపావళికి శెనక్కాయలు రెండు గంపలు ఉడకబెట్టించి ఆటకు ముందే పంచారు. విద్యార్థులు వరుసగా వచ్చి, జేబులు నింపుకుని, వరుసగానే బస్టాండుకు నడిచారు. రెండు రోజుల తరువాత పీలేరు బస్సు కండక్టరు ఆయనకు ఎదురుపడి, “సార్, మీ ఆట మా బస్సులో శానా బాగా జరిగింది. పొట్టు ఊడ్సలేక సస్తిమి” అన్నాడు. ఆ దీపావళి ఆటను చూసినవారు పదకొండు మంది. అందులో నేనొకణ్ణి. ఆరుగురు సత్రం వెతుక్కుంటూ దారి తప్పి వచ్చిన యాత్రికులు, గుండ్ల మీద గంధం ఇంకా ఆరలేదు. ఆయన వాళ్ళను గట్టు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, ఆట ముగిసేదాకా కదలనివ్వలేదు. చివరికి ఆ కుటుంబపు పెద్ద, “సామీ, ఇంగ దర్శనానికి పోవచ్చునా?” అని ఎంతో వినయంగా అడిగాడు.

మళ్ళీ 1978కి వస్తాను. అక్టోబరు 2 సోమవారం గాంధీ జయంతి. అదే రోజు మహాలయ అమావాస్య. ఆదివారంతో కలిపి రెండు రోజులు. పెద్దలకు పెట్టుకునే రోజు కనుక ఇంటికి పోని విద్యార్థి ఉండడు. ఆ ఆదివారమే మా మైదానంలో అంతర కళాశాలల పోటీ. దానికి ముందు సోమవారం ప్రిన్సిపాలుగారు మా ఇద్దరినీ పిలిపించారు. అది పెరటాసి నెల, తమిళులు ఏడుకొండలవాడికి మొక్కులు తీర్చుకునే నెల. ఊరు యాత్రికులతో నిండి ఉంది. బ్రహ్మోత్సవాలు ముందున్నాయి.

“యాత్రికుల బస్సులు నిలపడానికి పై వాళ్ళు మన మైదానం అడుగుతున్నారు. ఒక ఏడు ఇస్తే ప్రతి ఏడూ ఇవ్వాలి. చక్రాలు తిరిగిన నేల మీద మళ్ళీ గడ్డి మొలవదు, అదీ నాకు తెలుసు. కాని మన పదకొండు మంది ఆడి పదకొండు మంది చూసే ఆట కోసం అంత చోటు ఎందుకని అడిగితే నేనేం చెప్పాలి?” అన్నారాయన. చెడ్డవాడు కాదు, జవాబు చెప్పవలసినవాడు. తరువాత తీర్పు చెప్పారు. “ఆదివారం నేనే వస్తాను. సెలవులో కూడా గట్టు విద్యార్థులతో నిండితే మైదానం విద్యార్థులదని రాసి పంపుతాను. నిండకపోతే మంగళవారం బస్సులు వస్తాయి.”

బయటికి వచ్చాక పీడీ సారు వరండా మెట్ల మీద కూర్చుని బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నారు. రెండో బూటుదీ అంతే. తరువాత, “ఎకనామిక్స్, మా మామ నన్ను బస్సులోంచి లాగినాడు, తెలుసునా?” అన్నారు.

ఆయన భార్యది తిరుపతి. పెళ్ళయిన ఏడు జాతర సమయంలో ఆయన అత్తవారింట ఉన్నారు. జాతరకు ముందు చాటింపు వేస్తారు. వేసిన తరువాత జాతర ముగిసేదాకా ఊళ్ళో ఉన్నవాళ్ళు పొలిమేర దాటి బయట నిద్ర చెయ్యరు. గనుల ఊరి అల్లుడికి ఆ సంగతి తెలియదు. పెట్టె పట్టుకుని కోలారు బస్సెక్కితే, మామగారు పరుగున వచ్చి చొక్కా పట్టుకుని దింపారట. “బస్సులో వాళ్ళందరూ ఆయప్పనే మెచ్చుకున్నారు కాని నా చొక్కా చినిగిందని ఒకడూ అనలేదు. అప్పుడే అనుకున్నా. ఆర్డరుకు ఆగని జనం డప్పుకు ఆగుతారు.”

అమ్మవారి ఆచారాన్ని బంతాటకు వాడుకోవడం బాగుండదని నేను అన్నాను. అందుకు ఆయన వాదించలేదు. అమ్మ పేరు ఎత్తకూడదనీ, ఆట అనే చెప్పాలనీ ఆయనే నియమం పెట్టుకున్నారు. చాటింపు పెద్దాయనకు కూడా అదే చెప్పారు. మేము ఇద్దరమూ ఆలోచించని సంగతి ఒకటుంది. ఆ పెద్దాయనకు తెలిసిన దరువు ఒక్కటే. మాట హాస్టలు గేటు దాటలేదు. దరువు నాలుగు వీధులు దాటింది.

శుక్రవారం పొద్దుటికి ఆ వీధులలో గుమ్మాలకు వేపమండలు వేలాడుతున్నాయి. కాలం కాని కాలంలో అమ్మ చాటింపు వేయించిందంటే ఏదో కారణముంటుందని ఆడవాళ్ళు తేల్చుకున్నారు. ఎక్కడ, ఎప్పుడు అని వాకబు చేస్తే, ఆదివారం నాలుగింటికి కాలేజీ మైదానంలో అని తెలిసింది. ఎందుకన్నది ఎవరూ అడగలేదు. మాకు మాత్రం ఈ సంగతి ఆదివారందాకా తెలియలేదు. వేపమండలు చూసి, పెరటాసి నెల కదా అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం హాస్టలు గేటు దగ్గర మేమిద్దరమూ కాచుకుని ఉన్నాము. రేకు పెట్టెలు పట్టుకుని విద్యార్థులు గుంపుగా నిలబడ్డారు. ఎవరూ కదలడం లేదు. పీలేరు వైపు కుర్రవాళ్ళు ఇద్దరు మా ముందే మాట్లాడుకుంటున్నారు.

“ఏంరా, పోలేదా?”

“పోదామనే. కాలు రాలేదు.”

“డప్పుకు బయపడితివా? డిగ్రీ సదివేవాడివి.”

“నాకేం బయం లేదు. మా అవ్వకు బయం. చాటింపు దాటొచ్చినానని తెలిస్తే వాకిట్లోనే నిలబెడతాది. నువ్వెందుకు పోలేదు మరి?”

“నువ్వు పోతే పోదామని.”

పీడీ సారు వాళ్ళ మధ్యకు వెళ్ళారు. “తంబీ, అమావాస్యకు ఇంట్లో లేకుంటే ఎట్లా? పెద్దలకు పెట్టుకునేవానికి అడ్డం పడే పాపం నాకొద్దు. ఆదివారం ఆట ఆరింటికంతా అయిపోతాది. ఆరున్నర బస్సులు మన గేటు కాడికే వస్తాయి. డ్రైవర్లతో మాట్లాడినా. ఆట సూడండి, బస్సెక్కండి. పొద్దునకు మీ నాయన తర్పణం వదిలేటప్పుడు పక్కన కూసోండి.” ముప్పై నలభై మంది అప్పటికీ వెళ్ళిపోయారు. ఆయన వాళ్ళ పెట్టెలు మోసి మరీ సాగనంపారు. మిగిలినవాళ్ళు పెట్టెలు లోపలికి తీసుకుపోయారు.

ఆదివారం మూడున్నరకే గట్టు మొదటి మెట్టు నిండింది. హాస్టలువాళ్ళు, ఊళ్ళోనే ఉండి చదువుకునేవాళ్ళు. ఊరివాళ్ళలో చాలామందిని తల్లులే వెంటబెట్టుకు వచ్చారు. తల్లుల చేతుల్లో కొత్త కుండలున్నాయి. ఉత్తరం వైపు గోలు వెనుక ఒక ముసలామె మూడు రాళ్ళు పేర్చి, కుండ ఎక్కించి, పుల్లలు అంటించింది. ఆమెను చూసి మరొకామె, మరో పదిమంది. ప్రిన్సిపాలుగారు కండువా సవరించుకుంటూ వచ్చి కూర్చునేసరికి గోలు కనబడనంత పొగ.

పీడీ సారు పరుగున ముసలామె దగ్గరికి వెళ్ళారు. వెనుకే నేను.

“ఏందవ్వా ఇది?”

“పొంగలి నాయనా. అమ్మ యాడ కూసుంటాది?”

ఆయనకు అప్పుడు అర్థమైంది. నాకూ అప్పుడే. ఆయన తలకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. గట్టు వైపు చూశారు. మూడో మెట్టు కూడా నిండుతోంది. ఇంకో పది నిమిషాలు ఊరుకుంటే చాలు, మైదానం దక్కుతుంది. నేను ఆ మాట అన్నాను కూడా. ఆయన నా మాట వినిపించుకోలేదు. చాటింపు పెద్దాయనను కేకేసి మైదానం నడిమధ్యకు తీసుకుపోయారు.

“సామీ, యాడ వెయ్యాల దరువు?”

“దరువొద్దు. ఇప్పుడు దరువేస్తే కొంప మునుగుతాది. నేను చెప్పేది గట్టిగా చెప్పు, సాలు.”

పెద్దాయన అరిచాడు. ఇది అమ్మ జాతర కాదు. ఇది వట్టి బంతాట. చాటింపు వేయించింది పీడీ సారు. అమ్మ కోసం వచ్చినవాళ్ళను పొరపాటు పడేట్టు చేసినందుకు ఆయన మన్నించమంటున్నారు. ఎవరైనా పొలిమేర దాటొచ్చు, ఎప్పుడైనా దాటొచ్చు, ఏ దోషమూ లేదు.

ప్రిన్సిపాలుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. పీడీ సారు చేతులు జోడించి, తల వంచి, ఉత్తరం వైపు నిలబడ్డారు.

ముసలామె గరిటె పట్టుకునే గోలు పక్కకు వచ్చింది. “డప్పు కొట్టించిందే నువ్వు. కొట్టించినాక లేదంటే ఎట్లబ్బా? పొయ్యి అంటించినాను. ఇప్పుడు ఆర్పితే అమ్మ ఒప్పుతాదా? మీ పాటికి మీరు ఆడుకోండి, మా పాటికి మేం పొంగించుకుంటాం.”

గట్టు మీద నవ్వు ఒక చివర మొదలై రెండో చివరకు పోయింది. లేచినవాళ్ళు కొందరు ఉన్నారు. విద్యార్థులు వాళ్ళను చొక్కాలు పట్టి కూర్చోబెట్టారు. తొమ్మిది గొంతుల కుర్రవాడు నిలబడి, “ఒరే, మనం డప్పుకు రాలేదని చెప్పుకోవాలంటే ఇప్పుడే చెప్పుకోవల్ల. కూసోండ్రా” అన్నాడు. పెట్టెలు పక్కనే పెట్టుకున్న పీలేరు కుర్రవాళ్ళు ఆ పెట్టెలనే డప్పులు చేసుకున్నారు. పీడీ సారు మడత కుర్చీ తెచ్చి, ఎప్పటిలాగే ఆటకు వీపు పెట్టి కూర్చున్నారు.

ఆట గురించి కొద్దిగా చెబుతాను. వచ్చిన జట్టు సముద్రం వైపుది, సూళ్లూరుపేట, నాయుడుపేట కుర్రవాళ్ళు. గట్టివాళ్ళు. మొదటి సగంలోనే రెండు గోల్స్ కొట్టారు. రెండో సగంలో వాళ్ళ గోల్‌కీపరు ఉత్తరం వైపు నిలబడవలసి వచ్చింది. వెనుక పదిహేను పొయ్యిలు. పది నిమిషాలు దగ్గి, రెఫరీతో మొరపెట్టుకున్నాడు.

“సార్, ఈళ్ళు ఏదో పూజ చేస్తా ఉండారు నా మింద.”

“నీ మీద కాదు నాయనా, కుండ మీద” అన్నది ముసలామె.

పొయ్యి గురించి రూలు ఏదీ లేదని రెఫరీ తేల్చాడు. ఆట ముగియబోతుండగా ముసలామె కుండ పొంగింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా గోవిందా అన్నారు. గోల్‌కీపరు వెనక్కి తిరిగాడు. బంతి అతని పక్కనుంచి నడుచుకుంటూ పోయినట్టు లోపలికి పోయింది.

గట్టు మీద మోకాళ్ళు మాత్రమే కాదు, మనుషులు మొత్తం గాలిలో ఉన్నారు. ఒక రేకు పెట్టె మూత ఊడి చొక్కాలు ఎగిరాయి. పీడీ సారు వెనక్కి తిరగలేదు. ఎగిరి పడుతున్న ఆ ముఖాలను, విప్పుకున్న ఆ నోళ్ళను, చిన్నపిల్లవాడు తిరునాళ్ళ చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. కళ్ళ నీళ్ళు పొగ వల్లనే అని తరువాత నాతో వాదించారు.

ప్రిన్సిపాలుగారు లెక్క అడిగారు. విద్యార్థులను మాత్రమే చెప్పమన్నారు. మూడు వందల ఎనభై ఆరు అన్నాను. ఆడవాళ్ళ లెక్క వేరుగా ఉందన్నాను. చేతిలో ఆకు, ఆకులో పొంగలితో ఆయన తల ఊపి, “వాళ్ళ సంగతి పై వాళ్ళకు రాయనవసరం లేదు” అన్నారు. ఆరున్నరకు గేటు దగ్గర బస్సులు కదిలాయి. పీడీ సారు ప్రతి బస్సు మెట్టెక్కి లోపలికి తొంగిచూసి, ఎవరి పెట్టె ఎవరి దగ్గరుందో విచారించి దిగారు.

ఆ తరువాత ఆరేళ్ళు, ఆయన పదవీ విరమణ చేసేదాకా, ప్రతి పండగ సెలవుకూ హాస్టలు ముందు డప్పు మోగింది. అమ్మ దరువు కాదు. చాటింపు పెద్దాయనతో నాలుగు సాయంత్రాలు కూర్చుని ఇద్దరూ కలిసి వేరే దరువు కట్టారు. పొలిమేర మాట కూడా తీసేశారు. “రండి, ఆట ఉండాది. బస్సు ఆపినాము” అని, అంతే.

ఇప్పుడు లెక్క. పోయినవి: ఆ ఆదివారం ఆట, రెండుకు ఒకటిగా. ఉత్తరం గోలు వెనుక గడ్డి, పదిహేను చోట్ల; మళ్ళీ మొలవడానికి రెండు వానాకాలాలు పట్టింది. గట్టు మూడో మెట్టు, 1983 వానలకు. మడత కుర్చీ, ఎవరు తీసుకున్నదీ తెలియదు. చాటింపు పెద్దాయన, 1985లో. పీడీ సారు, పోయిన నెలలో. ఉన్నవి: మైదానం, నాలుగు వైపులా, అడుగు తగ్గకుండా. నిన్న ఆదివారం, ఈ సోమవారం కూడా సెలవే. ఆట ఉందని విని వెళ్ళాను. గట్టు మీద కూర్చోవడానికి చోటు దొరకలేదు. నిలబడి చూశాను.